తెరమీదికి రాని ఆట

చెడిపోయినవని మనము త్రోసివేయు ఫైళ్ళలో అధికభాగము నిజమునకు చెడిపోయినవి కావు. ముప్పది నలువది యేండ్ల క్రిందటి గేము కన్సోళ్ళను నేటి కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో అనుకరించి చూపు ఎమ్యులేటరు అను సాఫ్టువేరును తెరచి, ఒక పాత గేమును దానికి అందించినప్పుడు, తెర నల్లగా నిలిచిపోయినను, బూడిదరంగు ఆవరించినను, అర్థము కాని గళ్ళును చుక్కలును చెల్లాచెదరుగా కనబడినను, ఆడదలచినవాడు వెంటనే చేయు తీర్మానము ఫైలు పాడైనదని. అది నిలువనిచో రెండవ తీర్మానము ఎమ్యులేటరు పనికిమాలినదని. తరచుగా ఈ రెండును నిజములు కావు. ఫైలు సమగ్రముగనే యుండును; ఎమ్యులేటరును సమర్థముగనే యుండును; ఆ రెంటికి నడుమ ఉండవలసిన మూడవది ఏదియో లోపించి యుండును. గేమును వ్రాసినవారు ఆ మూడవదానిని ఎన్నడును వ్రాయలేదు. తమ యెదుట నున్న యంత్రమే దానిని సమకూర్చుచుండెను గనుక వ్రాయవలసిన అక్కర వారికి కలుగలేదు.

నింటెండో సంస్థ 1983 జూలై 15వ తేదీన జపానులో ఫ్యామికామ్ అను పేర విడుదల చేసి, తరువాత అమెరికాలో నెస్ అని పిలిచిన యంత్రమునే నిదర్శనముగా గైకొందము. మన దేశమున 1990ల దశకములో వీధివీధిని అమ్ముడుపోయిన టీవీ గేములు చాలవరకు దాని నకళ్ళే యగుటచే, మన పట్టణములలో ఒక తరమువారు దాని పేరు వినకపోయినను దాని ఆటలను చక్కగా నెరుగుదురు. ఆ యంత్రములోని ప్రాసెసరు ఒక్కమారు చూడగలిగిన చిరునామాల ఆవరణము 64 కిలోబైట్లు. అందు క్యాసెట్టులోని ప్రోగ్రామునకు సామాన్యముగా దక్కునది సగము, అనగా 32 కిలోబైట్లు. సూపర్ మారియో బ్రదర్స్ ప్రోగ్రాము ఆ 32లోనే ఒదిగి, బొమ్మలకొరకు వేరుగా మరి 8 తీసికొని, మొత్తము 40 కిలోబైట్లతో సంసారము సాగించెను. కాని కాంట్రా గేమునకు 128 కిలోబైట్లు కావలసి వచ్చెను. 32 మాత్రమే కానవచ్చు చోట 128 ఎట్లు కానవచ్చును? దానికై క్యాసెట్టులోపలనే యొక చిన్న సర్క్యూటును అమర్చి, చివరి 16 కిలోబైట్లను ఎల్లప్పుడును కనబడునట్లు నిలిపి, మిగిలినవానిలో అప్పటికి కావలసిన 16 కిలోబైట్ల ఖండమును మాత్రము ప్రాసెసరు ముందునకు త్రిప్పి తెచ్చు ఏర్పాటు గావించిరి. ఇట్టి సర్క్యూటులు కంపెనీకొక తీరుగ, ఒక్కొక్కప్పుడు గేమునకొక తీరుగ ఉండెను. ఎమ్యులేటరులు వ్రాయువారు వానిని మ్యాపర్లు అని పిలిచి, వానికి వరుసగా సంఖ్యల నొసగిరి.

క్యాసెట్టులోని చిప్పులను చదివి కంప్యూటరునకు ఎక్కించినప్పుడు లభించునదే రోమ్ ఫైలు. ఆ ఫైలులో గేములోని అక్షరము ప్రతిదియు ఉండును. ఆ అక్షరములను ఏ క్రమమున ప్రాసెసరు ఎదుట నిలుపవలెనో నిర్ణయించు సర్క్యూటు మాత్రము ఉండదు. అది రాగితీగలలోను, ప్లాస్టిక్ పెట్టెలోను ఉండిపోయినది. ఆ లోటును పూరించుటకై మరాత్ ఫైజులిన్ తన ఐనెస్ ఎమ్యులేటరునకు ఒక ఒడంబడికను కల్పించెను: ఫైలునకు ముందు 16 బైట్ల పీఠిక చేర్చుట, అందు తొలుత ఎన్, ఇ, ఎస్ అను మూడక్షరములును ఒక గుర్తును, పిమ్మట ప్రోగ్రాము పరిమాణము, బొమ్మల పరిమాణము, మ్యాపరు సంఖ్య మున్నగునవి. ఈ పదునారు బైట్లును ఏ క్యాసెట్టులోను లేవు. ఇవి తరువాతివారు వ్రాసిన ఉపోద్ఘాతము. కాని ఈ ఉపోద్ఘాతములో ఒక్క అంకె తప్పినచో మూలగ్రంథమంతయు మూగవోవును. ఏలనన, ఆ ప్రాసెసరు మేల్కొనిన తోడనే తన ఆవరణపు చిట్టచివర నున్న ఒక స్థానము నుండి రెండు బైట్లు చదివి, ఎక్కడ మొదలిడవలెనో అచ్చట తెలిసికొనును; మ్యాపరు తప్పినప్పుడు ఆ స్థానమున వేరొక ఖండము నిలిచియుండును; ప్రాసెసరు దానినే నమ్మి, ఏ బొమ్మల నడుమకో సంగీతపు పట్టికలోనికో దుమికి, అచ్చట కనబడినదెల్ల ఆజ్ఞలని పాటించుచు తిరుగాడును. మనకు కనబడునది బూడిదరంగు తెర.

తాళపత్ర గ్రంథములతో పరిచయమున్నవారికి ఇది క్రొత్త సంగతిగా తోపదు. సి.పి. బ్రౌను కడపలో పండితులకు జీతములిచ్చి నియమించి, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, వానిని పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించినప్పుడు, ఆ పండితులు పోరాడినది ముఖ్యముగా చెదపురుగులతో కాదు, వ్రాయసగాండ్రతో. చెద తినినచోట ఖాళీ కనబడును, దానితో పేచీ లేదు. వ్రాయసగాడు తనకు తోచినది చేర్చినచోట ఖాళీ కనబడదు, మూలమువలెనే కనబడును. రోమ్ ఫైళ్ళ చరిత్రలో ఇట్టి వ్రాయసగాడొకడు కలడు. ఆ పీఠికను సవరించుటకై వెనుకటి దినములలో వాడుకలోనున్న ఒక పనిముట్టు, అప్పటికి ఎవ్వరును వాడని కడపటి తొమ్మిది బైట్ల ఖాళీస్థలమును చూచి, అందు ఎనిమిది అక్షరములును ఒక ఆశ్చర్యార్థకమును కూర్చి 'డిస్క్‌డ్యూడ్!' అని సంతకము చేయుచుండెను. ప్రతి చివర తన పేరును సంవత్సరమును వ్రాసికొని, తప్పులున్న మన్నింపుడని వేడుకొను మన లేఖకుల ఆచారమువంటిదే యిది. మన్నింపు వేడుకొనుట మాత్రము ఇందు లేదు. మొదట దీనివలన హాని కలుగలేదు. మ్యాపర్ల సంఖ్య పెరిగి, ఆ ఖాళీస్థలములోని మొదటి బైటును సంఖ్యలోని పై భాగమునకు వినియోగింప నారంభించిన పిమ్మట, ఆ సంతకములోని 'డి' అక్షరమును ఎమ్యులేటరులు అంకెగా చదువసాగెను. ఆ యక్షరపు విలువనుబట్టి ప్రతి మ్యాపరు సంఖ్యకును 64 కూడుచుండెను. రెండవ మ్యాపరు గల కాంట్రా 66వ దయ్యెను. ఆ 66వది మారియోను, డక్ హంటును ఒక్క క్యాసెట్టులో కలిపి అమ్మినప్పటి సర్క్యూటు. నాలుగవ మ్యాపరుతో నడచు సూపర్ మారియో బ్రదర్స్ 3 ఇదే తీరున 68కి పోయెను. గేములో ఒక్క అక్షరమైనను చెడలేదు. కాని గేము నడువదు.

దీనికి ఎమ్యులేటరుల కర్తలు కనుగొనిన పరిహారము చూచితిరా, ఎంత గడుసైనదో! పీఠికలో కడపటి నాలుగు బైట్లు సున్నలు కానిచో, అచ్చట ఎవ్వడో సంతకము చేసియుండునని ఊహించి, మ్యాపరు సంఖ్యలోని పై భాగమును లెక్కింపక విడిచిపెట్టుట. ఇది పాఠపరిష్కర్త చేయు పనియే: ఈ చరణము కవి వ్రాసినది కాదు, ఈ చేతివ్రాత నేనెరుగుదునని పక్కకు త్రోయుట. అందుచేత నల్లని తెర యెదురైనప్పుడు నేను మొదట చూచునది పీఠికనే. ఎమ్యులేటరు అమరికలను తలక్రిందులు చేయుట, వేరొకచోట నుండి అదే గేమును మరల మరల తెచ్చుకొనుట అటుతరువాతి మాట. ఫైలు నిజముగా చెడినదా లేదా యని తేల్చుటకును రాజమార్గము ఒకటి యున్నది. పీఠికను విడచి మిగిలిన భాగమునకు సీఆర్‌సీ గాని షా-1 గాని అను సరిచూపు సంఖ్యను లెక్కకట్టి, అసలు క్యాసెట్టులను చదివి సరిచూచినవారు కూర్చిన నో-ఇంట్రో పట్టికలోని సంఖ్యతో పోల్చినచో, ఒక్క బిట్టు తేడాయున్నను బయటపడును. ఇట్టి సాధనము బ్రౌను పండితులకు లభించి యుండిన, వారి జీవితములలో సగము మిగిలియుండెడిది.

తక్కిన కన్సోళ్ళలోను కథ యిదే, పేర్లు మాత్రము వేరు. సూపర్ నింటెండో గేములను ఫ్లాపీలకు ఎక్కించిన పాత కాపీయంత్రములు ముందు 512 బైట్లు తమ సొంతముగా చేర్చెను. పరిమాణమును 1024చే భాగింపగా 512 శేషించినచో ఆ అతికింపు ఇంకను అంటియున్నదని అర్థము. నింటెండో 64 గేమునకు మొదటి నాలుగు బైట్లు 80, 37, 12, 40 అని షోడశాంశమానములో ఉండవలెను. వానికి మారుగ 37, 80, 40, 12 కనబడినచో, ఫైలు పొడుగునను ప్రతి జంటయు తారుమారైనదే గాని ఒక్కటియు పోయినది కాదు. ఇట్టివానిని సరిచేయుటకు క్షణము చాలును, గుర్తించుటకే సాయంకాలములు పట్టును.

సోనీ ప్లేస్టేషన్ వద్ద లోటు వేరొక చోట నున్నది. 1994 డిసెంబరులో జపానులో వెలువడిన ఆ యంత్రము, గేము మొదలగుటకు ముందు తన లోపలి చిప్పులోని బయోస్ అను 512 కిలోబైట్ల ప్రోగ్రామును నడిపి, డిస్కును చదువుట మున్నగు పనులలో గేములకు దానిచేతనే ఊడిగము చేయించెను. గేము వ్రాసినవారు ఆ సేవకుని ఇంటనున్నవానిగానే భావించిరి. ఆ బయోస్ సోనీవారి సొత్తు గనుక ఎమ్యులేటరులవారు దానిని పంచిపెట్టరాదు. తమ కన్సోలు నుండి చదివి తెచ్చుకొనవలెను. కనెక్టిక్స్ అను సంస్థ దానిని పరిశీలించి, సొంతముగా వేరొకటి వ్రాసికొని వర్చువల్ గేమ్ స్టేషన్ అను ఎమ్యులేటరును అమ్మగా, సోనీ వ్యాజ్యెము వేసెను. అట్లు పరిశీలించుటకై నడుమ నకలు తీయుట న్యాయసమ్మతమే యని 2000 సంవత్సరమున అమెరికా అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పెను. నేటి ఎమ్యులేటరులు కొన్ని సోనీవారి బయోస్ ఫైలును ఎస్‌సీపీహెచ్ 5500 జపానునకు, 5501 అమెరికాకు, 5502 యూరపునకు అని ప్రాంతముల వారీగా కోరును. పేరులో పెద్ద బడి అక్షరమున్నదా చిన్న బడి అక్షరమున్నదా యన్న భేదముచేత కూడ లినక్స్ వంటి వ్యవస్థలలో ఉన్న ఫైలే లేనిదగును.

ప్లేస్టేషన్ డిస్కుల విషయమున నాకు మిక్కిలి ఇష్టమైన వైఫల్యము క్యూ ఫైలుది. డిస్కులోని సమాచారమంతయు బిన్ అను మహాకాయములో ఉండగా, దాని ప్రక్కన కొన్ని పంక్తులే గల క్యూ అను చిన్న పాఠ్యఫైలు ఒకటి యుండి, సమాచారము ఎచ్చట మొదలగునో, పాటలు ఎచ్చట మొదలగునో, సెక్టారు 2352 బైట్లదో 2048 బైట్లదో చెప్పుచుండును. అన్నిటికంటె ముందు, బిన్ ఫైలు పేరేమో చెప్పుచుండును. ఉత్సాహవంతుడైన గృహస్థు తన గేములను చక్కగా సర్దుకొనదలచి బిన్ ఫైళ్ళకు మంచి పేర్లు పెట్టును, క్యూ ఫైలు పాత పేరునే పట్టుకొని పిలుచుచుండును, పలుకువారు లేరు. నోట్‌ప్యాడులో తెరచి ఒక్క పంక్తి దిద్దినచో తీరును. ఇక ఆ మంచి పేర్లు తెలుగులో పెట్టుకొనువారికి మరియొక చిక్కు కలదు. యూనికోడు ఎరుగని పాత విండోస్ ప్రోగ్రాములు దేశమునకొక లిపిపట్టికను ఆధారము చేసికొనెడివి. తెలుగునకు అట్టి పట్టికను మైక్రోసాఫ్టు ఏనాడును ఏర్పరుపలేదు. కావున 'ఆటలు' అని పేరిడిన ఫోల్డరు వానికి ప్రశ్నార్థకముల వరుసగా కనబడును. భాషాభిమానము గల నావంటివారికి ఇది కొంత కష్టముగనే యుండును గాని, పాత ఎమ్యులేటరులతో పనిగలప్పుడు ఇంగ్లీషు అక్షరములే క్షేమము.

బజారులలోని నాణెముల గేముయంత్రములను అనుకరించు మేమ్ అను మహాగ్రంథమును 1997 ఫిబ్రవరిలో నికోలా సాల్మోరియా ఆరంభించెను. దానిపై వినబడునన్ని శాపనార్థములు మరి దేనిపైనను వినబడవు: నిన్నటిదాక నడచిన గేము, ప్రోగ్రామును క్రొత్త ప్రతికి మార్చిన తోడనే, కావలసిన ఫైళ్ళు లేవని మొరాయించును. కారణము, ఈలోపల ఎవ్వరో అదే బోర్డును మరింత శుద్ధముగా చదివి యుందురు, లేదా అంతవరకు గుర్తింపని చిన్న చిప్పు నొకదానిని చదివి చేర్చి యుందురు. క్రొత్త ప్రతి వచ్చిన పిమ్మట పాత పాఠము అప్రమాణము. అంతేగాక, ఒక గేమునకు దేశభేదములచేత కలిగిన రూపాంతరములను వేరువేరుగా భద్రపరుచునప్పుడు, మాతృకతో భేదించు ఫైళ్ళను మాత్రమే రూపాంతరపు కట్టలో నుంచు పద్ధతియు కలదు; మాతృక లేక ఆ కట్ట ఒక్కటియే చేతనున్నవాడు పాఠాంతరముల పట్టికను పట్టుకొని కావ్యము చదువబోయినవాడగును. నియోజియో గేములన్నిటికి ఉమ్మడి బయోస్ కట్ట వేరొకటి కావలెను. ఈ కాఠిన్యమును నేను సమర్థింతును. మేమ్ ఆటగాని కొరకు పుట్టినది కాదు, ఆ యంత్రములు తుక్కయిపోకమునుపు వాని స్వరూపమును వ్రాసి నిలుపుటకై పుట్టినది. ఆడగలుగుట అందలి ఆనుషంగిక ఫలము మాత్రమే.

ఇంతవరకు చెప్పినవి ఫైలునకు చుట్టును ఉండవలసిన వస్తువుల మాటలు. అంతకంటె సూక్ష్మమైనది కాలము. కొన్ని గేములు యంత్రములోని ఒక్కొక్క భాగము ఎన్ని స్పందనములలో తన పని ముగించునో తెలిసికొని, ఆ లెక్కపై నిలిచియున్నవి. నెస్ గేములలో బ్యాటిల్‌టోడ్స్ ఈ విషయమున ప్రసిద్ధము, బొమ్మగీయు చిప్పునకును ప్రాసెసరునకును నడుమ లెక్క కొంచెము తప్పినను ఆట నడుమ కొయ్యబారిపోవును. సూపర్ నింటెండోలో స్పీడీ గొంజాలెస్ గేమునందు దాదాపు తుదివరకు వచ్చిన ఆటగాడు ఒక మీట నొక్కవలెను. అచ్చట ప్రోగ్రాము, పొరపాటున, ఏ చిప్పునకును చెందని యొక చిరునామాను చదివి, అందు విలువ మారువరకు వేచియుండును. లేనిచోటును చదివినప్పుడు నిజమైన యంత్రములో తీగలపై అంతకుముందు మిగిలిన విద్యుదవశేషమే విలువగా చేతికి వచ్చును. ఇతర భాగముల సంచారముచేత అది ఎప్పుడో యొకప్పుడు మారును. ఆట ముందుకు సాగును. వెనుకటి ఎమ్యులేటరులలో ఆ విలువ ఎన్నటికిని మారకుండుటచే ఆట అచ్చటనే శాశ్వతముగా ఆగిపోయెడిది. గేము వ్రాసినవారికి తమ పొరపాటు తెలిసియుండదు. యంత్రము దానిని కప్పిపుచ్చినది. ఇది బీఎస్‌నెస్ అను ఎమ్యులేటరును వ్రాసిన బైయు చూపిన ఉదాహరణము. 3.58 మెగాహెర్ట్జ్‌ను మించని ప్రాసెసరు గల యంత్రమును ఇట్టి అవశేషములతో కూడ అనుకరింపవలెనన్నచో 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరు కావలెనని 2011లో వాదించినవారును వారే.

వెనుకటి ఎమ్యులేటరులవారికి ఇంత ఓపికయు, అంత వేగముగల కంప్యూటరులును లేవు. 1997లో వెలువడిన నెస్టికిల్ మున్నగునవి అప్పటి పీసీలపై పరుగెత్తవలెను. ప్రసిద్ధమైన గేము ఆగిపోయినచో దానిని పేరుతో గుర్తించి, దానికి మాత్రము కొలతలు సడలించు ఉపాయములను అప్పటి ఎమ్యులేటరులు పలుచోట్ల ఆశ్రయించెను. ఆ ఉపాయములను నేను ఈసడింపను. వానివలననే ఆ ఆటలు జనుల చేతులలో నిలిచినవి. ఐనను వాని పర్యవసానము వింతగా పరిణమించినది. జపాను గేములను ఇంగ్లీషులోనికి అనువదించిన ఔత్సాహికులు తమ పనిని ఆ ఎమ్యులేటరులపైననే పరీక్షించుకొనిరి. నిజమైన యంత్రము అంగీకరింపని పనులను ఆ ఎమ్యులేటరులు అంగీకరించెను. తుదకు ఆ అనువాదములు కొన్ని అసలు కన్సోలుపై గాని, దానిని యథాతథముగ అనుకరించు క్రొత్త ఎమ్యులేటరులపై గాని నడువకుండ పోయెను. నకలులోని దోషమును ఆశ్రయించి పుట్టిన గ్రంథమునకు ఆ దోషమే మాతృభూమి. అట్టిది లోడు కానప్పుడు నల్లని తెరకు పరిహారము మరింత మంచి ఎమ్యులేటరు కాదు, మరింత చెడ్డది.

మన క్యాసెట్టుల మాట మిగిలినది. 9999 గేములని అట్టమీద అచ్చొత్తి, లోపల పట్టుమని కొన్నిటినే దాచి, వానినే వేరువేరు పేర్లతో వేరువేరు అంకముల నుండి మొదలిడునట్లు మెనూలో పరచిన ఆ పసుపుపచ్చ క్యాసెట్టులు అనుమతిలేని సరకు. వాని సర్క్యూటులకు తయారుచేసినవారి పేరే తెలియదు. అవి ఆడకున్న మనమందరము నోటితో ఊదితిమి. నింటెండోవారు తేమవలన లోహము చెడునని ఊదవలదని హెచ్చరించుచునే యుండిరి. ఊదుటకన్న తీసి మరల పెట్టుటయే పని చేసెడిదని ఇప్పుడు చెప్పుదురు. ఆ క్యాసెట్టును ఎమ్యులేటరులో చూడదలచినవానికి ఊదుటకు ఏమియు లేదు. మ్యాపరు సంఖ్యకు తొలుత 255కు మించి చోటు లేదు. తరువాత పీఠికను విస్తరించి 4095 వరకు ఎడమిచ్చిరి. ఆ క్రొత్త ఎడములో ఎన్నో సంఖ్యలు ఇట్టి దొంగ క్యాసెట్టులకే పోయినవి. ఇంతటి పరిష్కరణము ఆ సరకుపై జరుగునని దానిని అమ్మినవారు కలగనియుండరు.

సంఖ్య సరిపడి మెనూ తెరపైకి వచ్చి, కాంట్రా మొదలైన పిమ్మట కూడ, ఆట ఎందుచేతనో పరాయిదిగా తోచుట కలదు. సైనికుడు తొందరపడుచున్నట్లును, సంగీతము పరుగెత్తుచున్నట్లును అనిపించును. ఇది భ్రమ కాదు. అమెరికా, జపాను యంత్రములు సెకనుకు సుమారు 60 చిత్రములు గీయును. మన పాల్ పద్ధతి టీవీలకై చేసిన నకళ్ళు 50 గీసెను. ఆ నకళ్ళలో ప్రాసెసరు వేగము మాత్రము అసలుదానికి దాదాపు సమముగనే యుండుటచే స్వరము దిగలేదు; లయ ఆరింట ఐదు పాళ్ళకు మందగించినది. రష్యాలో డెండీ అను పేర అమ్ముడుపోయిన నకలుకును ఇదే స్వభావము గనుక, ఎమ్యులేటరులలో ప్రాంతమును ఎన్నుకొను చోట ఎన్‌టీఎస్‌సీ, పాల్ అనువాని ప్రక్కనే డెండీ అను మూడవది కనబడును. దానిని ఎన్నుకొనినచో మనవారు ఆడిన కాంట్రా వచ్చును. కోనామివారు రచించిన వేగము ఏదని యడిగినచో 60దే. అందు సందేహము లేదు. జపానులో ఆ గేమునే వీఆర్‌సీ2 అను సొంత చిప్పుతో, అమెరికాలో లేని చిన్న చిన్న కదలికలతో వెలువరించిరి, దాని మ్యాపరు 23. మూలమన్నది ఏదో తేల్చుటకు అదియు కలుపుకొనవలసి యుండును.

ఈ విషయమున నా యాచరణము కొంచెము అడ్డదిడ్డముగా నున్నది. చిన్ననాట ఆడిన కాంట్రాకును మారియోకును డెండీనే ఉంచుకొనినాను. పెద్దయిన తరువాత ఎమ్యులేటరులోనే తొలిసారి చూచిన జెల్డా వంటివానిని 60తోనే ఆడుదును. శాస్త్రీయత నెంచువారికి ఇది రుచింపదు. రెట్రోఆర్చ్ వంటి సాఫ్టువేరులు గేము గేమునకు వేరు వేరు అమరికలను గుర్తుంచుకొనగలవు గనుక, వారితో వాదము పెట్టుకొనవలసిన పని నాకు ఇంతవరకు కలుగలేదు.